కొత్త చోట మొలిచిన ప్రతి మొక్కా దురాక్రమణ మొక్కేనా? వేడెక్కే వాతావరణంలో మొక్కల కదలికను ఎలా చదవాలి

ప్రశ్నలో మూడు సంగతులు అడిగారు. భూమి వేడెక్కుతున్న కొద్దీ మొక్కలు ధ్రువాల వైపు, కొండల పైకి జరుగుతున్నాయంటారు కదా, అలా కొత్త చోటికి చేరిన ప్రతి మొక్కనూ దురాక్రమణ మొక్కగా (బయటినుంచి వచ్చి, వ్యాపించి, అక్కడి జీవజాలాన్ని దెబ్బతీసే మొక్కగా) లెక్కవేయాలా? రేపు ఏ మొక్క ఎక్కడికి వస్తుందో చూపించే పటాలను ఎంతవరకు నమ్మవచ్చు? నేల మీద ఏం కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది?

మొదటి ప్రశ్నకు జవాబు: అలా లెక్కవేయకూడదు. జరగడం వేరు, ఆక్రమించడం వేరు. ఒక మొక్క ఎక్కడ బతకగలదో వాతావరణం తేలుస్తుంది. అక్కడికి చేరుతుందా, ఎంత త్వరగా చేరుతుంది అన్నది మాత్రం విత్తనాన్ని ఎవరు మోస్తున్నారు, నేలను ఎవరు తవ్వి వదిలేశారు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇవాళ వేగంగా జరుగుతున్న మొక్కల్లో ఎక్కువ భాగం మనుషులు మోస్తున్నవే. మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడినుంచే మొదలవుతుంది.

ముందు చిన్న లెక్క చూద్దాం. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే గాలి సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. అంటే ఒక డిగ్రీ వేడెక్కితే కొండవాలు మీది మొక్క తన పాత ఉష్ణోగ్రతను అందుకోవడానికి సుమారు 150 మీటర్లు పైకి వెళితే చాలు. సమశీతోష్ణ మండలాల మైదానంలో అదే ఒక డిగ్రీ కోసం సుమారు 150 కిలోమీటర్లు ధ్రువం వైపు వెళ్లాలి. వాతావరణ మార్పు 'వేగం', అంటే పాత ఉష్ణోగ్రతలోనే ఉండాలంటే ఏటా జరగాల్సిన దూరం, ప్రపంచ సగటున ఏడాదికి 0.42 కిలోమీటర్లని 2009లో లెక్కకట్టారు. కొండల్లో అది బాగా తక్కువ, చదును నేలల్లో బాగా ఎక్కువ. ఉష్ణమండల మైదానాల సంగతి ఇంకా కష్టం. అక్కడ ఉత్తరానికో దక్షిణానికో వందల కిలోమీటర్లు వెళ్లినా ఉష్ణోగ్రత పెద్దగా మారదు, దగ్గర్లో కొండ లేకపోతే మొక్కకు తప్పుకునే దారే లేదు.

నిజంగా ఎంత జరిగాయి? జంతువులు, మొక్కలు కలిపి చూసిన 2011 నాటి అధ్యయనాల సంకలనంలో మధ్యగత విలువ (వరుసలో నడిమిది) దశాబ్దానికి దాదాపు 17 కిలోమీటర్లు ధ్రువం వైపు, 11 మీటర్లు పైకి. పశ్చిమ యూరప్ కొండల్లో 171 అటవీ మొక్కల్ని చూసిన 2008 అధ్యయనంలో అనుకూల ఎత్తు దశాబ్దానికి సగటున 29 మీటర్లు పైకి జరిగింది. సిక్కిం హిమాలయాల్లో జోసెఫ్ డాల్టన్ హుకర్ 1849–50లో రాసిపెట్టిన ఎత్తులను 2007–2010 మధ్య మళ్లీ పరిశీలించారు. అక్కడ తప్ప వేరెక్కడా పెరగని 124 జాతుల్లో 87 శాతం తమ పరిధి మార్చుకున్నట్టు తేలింది.

ఈ సగటులను ఒక్కో జాతికి అంటగట్టకండి, జరిగే పొరపాట్లలో పెద్దది అదే. కాలిఫోర్నియాలో చాలా మొక్కలు వేడెక్కుతున్నా కిందికి దిగాయని 2011లో తేలింది. అక్కడ అవి వెంబడించింది ఉష్ణోగ్రతను కాదు, నీటిని. వాన పెరిగిన చోట, పాత పరిధి కన్నా దిగువన కూడా వేసవి తేమ సరిపోయింది. కాబట్టి ఏ మొక్క గురించి మాట్లాడినా మొదట అడగాల్సింది: దాని హద్దును గీస్తున్నది ఏమిటి? యూరప్‌లో హోలీ పొద ఉత్తరపు అంచు జనవరి సగటు 0 డిగ్రీల గీతను అంటిపెట్టుకుని ఉండేది. శీతాకాలం మెత్తబడగానే ఆ అంచు స్కాండినేవియాలో ముందుకు జరిగింది. తోటల కోసం తెచ్చిన విండ్‌మిల్ పామ్ దక్షిణ స్విట్జర్లాండ్‌లోని టిచినో అడవుల్లో తనంత తాను మొలవడానికి కారణమూ చలి తగ్గడమే. ఇలాంటి మొక్కలకు ఏడాది సగటు ఉష్ణోగ్రత చూసి ప్రయోజనం లేదు. అత్యంత చలిరాత్రి ఎంతకు పడిపోతుంది, మంచు గడ్డకట్టే రోజులు ఎన్ని అన్నవి చూడాలి. ఎండ ప్రాంతాల మొక్కలకైతే వానాకాలం ఎప్పుడు మొదలవుతుంది, వానకూ వానకూ మధ్య ఎన్ని పొడి రోజులు అన్నవి ముఖ్యం.

పరిధికి రెండు అంచులు ఉంటాయి, రెండూ ఒకేలా ప్రవర్తించవు. కొత్త నేలలోకి వెళ్లే ముందు అంచును అందరూ చూస్తారు. వెనక అంచును పట్టించుకునేవాళ్లు తక్కువ. అక్కడ పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి, పటంలో 'ఉంది' అనే నమోదవుతుంది. చెట్ల కింద వంగి చూస్తే మాత్రం పదేళ్లుగా ఒక్క పిల్లమొక్క కూడా నిలవని చోట్లు కనిపిస్తాయి. అక్కడ ఆ జాతి లెక్కలో ఉన్నా నిజానికి వెళ్లిపోయినట్టే. తూర్పు అమెరికాలో 92 చెట్ల జాతుల పిల్లచెట్లను, పెద్దచెట్లను పోల్చిన 2012 అధ్యయనంలో దాదాపు 59 శాతం జాతుల పరిధి రెండు వైపుల నుంచీ కుంచించుకుపోతున్న తీరు కనిపించింది. ఉత్తరానికి జరుగుతున్న తీరు చూపినవి 21 శాతం లోపే. చెట్లు వాతావరణంతో సమానంగా నడవడం లేదు.

ఎందుకు నడవడం లేదంటే, మోసేవాళ్లు లేక. చాలా చెట్ల విత్తనాలు తల్లిచెట్టుకు కొన్ని పదుల మీటర్ల లోపే పడతాయి. దూరం తీసుకెళ్లేవి పక్షులు, జంతువులు. అవి తగ్గిపోవడం వల్ల, జంతువుల మీద ఆధారపడే మొక్కలు వాతావరణాన్ని వెంబడించే శక్తి ప్రపంచవ్యాప్తంగా 60 శాతం తగ్గిందని 2022లో అంచనా వేశారు. మరోవైపు, యూరప్ నర్సరీల్లో అమ్మే ఆ ఖండపు సొంత మొక్కలు వాటి సహజ ఉత్తర హద్దుకు సగటున 1000 కిలోమీటర్లు అవతల అమ్ముడవుతున్నాయని 2008లో తేలింది. అడవి మొక్క శతాబ్దాల్లో దాటాల్సిన దూరాన్ని నర్సరీ మొక్క ఒక్క రాత్రి లారీ ప్రయాణంలో దాటేస్తుంది. చలి అడ్డుగా ఉన్నంతకాలం అది కుండీలోనో తోటలోనో అణిగి ఉంటుంది. ఆ అడ్డు తొలగిన ఏడాది గోడ దాటుతుంది.

ఈ అణిగి ఉండే కాలం చిన్నది కాదు. జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోకి తెచ్చిన చెట్లు, పొదల చరిత్ర చూస్తే, తొలిసారి నాటినప్పటి నుంచి అవి తమంత తాము వ్యాపించడానికి సగటున 147 ఏళ్లు పట్టింది. 'ఈ మొక్క ఇక్కడ యాభై ఏళ్లుగా ఉంది, ఏమీ చేయలేదు' అనే వాదనను అందుకే నేను నమ్మను. ఆ యాభై ఏళ్లలో వాతావరణం ఇప్పుడున్నట్టు లేదు.

దురాక్రమణ మొక్కలకు ఈ మార్పులో లాభం ఎక్కడ? వాటిని మనం మోస్తాం అన్నది మొదటి కారణం. రెండోది, వాటిలో చాలావాటికి తరం నిడివి తక్కువ. వయ్యారిభామ మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లోనే పూతకు వస్తుంది, ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 విత్తనాలు ఇవ్వగలదు. వాన ఎప్పుడు పడినా అది సిద్ధం. క్రమం తప్పిన వానాకాలం పంటకూ స్థానిక గడ్డికీ నష్టం, దీనికి కాదు. మూడోది, అవి చాలా త్వరగా మారగలవు. యూరప్ నుంచి ఉత్తర అమెరికా చేరిన పర్పుల్ లూస్‌స్ట్రైఫ్ ఉత్తరానికి పోయేకొద్దీ త్వరగా పూసే, చిన్నగా పెరిగే రకంగా మారిందని 2013లో చూపించారు. పెరిగే కాలం తక్కువున్న చోట అలా మారిన మొక్కలే ఎక్కువ విత్తనం ఇచ్చాయి. అంటే నేటి హద్దే రేపటి హద్దు అనుకోలేం.

కార్బన్ డయాక్సైడ్ సంగతి విడిగా చెప్పాలి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో అది పది లక్షల్లో 280 వంతులు. ఇప్పుడు 420 దాటింది. మొక్కలు ఈ వాయువును పట్టుకునే పద్ధతిని బట్టి వాటిని సీ3, సీ4 అని విడదీస్తారు. సీ3 మొక్కలకు ఇది నేరుగా ఎరువులా పనిచేస్తుంది, సీ4 గడ్డి జాతులకు అంతగా కాదు. కలుపు సీ3, పంట సీ4 అయిన చోట పోటీ కలుపు వైపు మొగ్గుతుంది. ఇందులో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న పొలం మడుల్లో పెంచిన కెనడా తిసిల్ అనే ముళ్ల కలుపులో వేరు పెరుగుదల కాండం కన్నా ఎక్కువగా ఉంది, అదే మోతాదు గ్లైఫోసేట్ అనే కలుపు మందు సరిగా పనిచేయలేదు. మందు ఆకు నుంచి వేరుకు దిగి అక్కడి మొగ్గలన్నిటినీ చంపాలి. వేరు పెద్దదయ్యేసరికి మందు పలచబడి కొన్ని మొగ్గలు మిగిలి, మళ్లీ చిగురించాయి. భూగర్భ కాండాలతో, వేళ్లతో పాకే కలుపు మీద మందు పనితనం తగ్గుతుంటే మోతాదు పెంచే ముందు ఒక మొక్కను తవ్వి వేరును చూడండి.

నాలుగోది మంటలు, వరదలు, కరువు. పశ్చిమ అమెరికాలో సేజ్‌బ్రష్ పొదలుండే నేలల్లో చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి వసంతంలో త్వరగా పెరిగి, ఎండల మొదట్లోనే ఎండిపోయి, పొదల మధ్య ఖాళీలన్నిటినీ పలచని ఎండుగడ్డితో కలుపుతుంది. మంట ఒక పొద నుంచి ఇంకో పొదకు పాకడానికి అదే దారి. కాలిన సేజ్‌బ్రష్ మోడు నుంచి చిగురించదు, మట్టిలోని చీట్‌గ్రాస్ విత్తనాల్లో మిగిలిన కాసినీ మరుసటి ఏడాది మళ్లీ నిండిపోతాయి. వేసవి వేడెక్కే కొద్దీ ఈ చక్రం బిగుస్తుంది.

అయితే అన్ని దురాక్రమణ మొక్కలూ పెరుగుతూనే పోతాయనడం తప్పు. పశ్చిమ అమెరికాలోని ఐదు దురాక్రమణ జాతుల మీద 2009లో చేసిన కంప్యూటర్ నమూనాల్లో యెల్లో స్టార్‌తిసిల్, టామరిస్క్ లాంటివి పెరిగే సూచన ఉంటే, లీఫీ స్పర్జ్‌కు అనుకూలమైన నేల చాలాచోట్ల తగ్గింది. చీట్‌గ్రాస్ కొన్నిచోట్ల వెనక్కి తగ్గి, కొన్నిచోట్ల కొత్తగా వచ్చేలా కనిపించింది. కలుపు బలహీనపడే చోటే పునరుద్ధరణకు మంచి అవకాశం. స్థానిక విత్తనాన్ని అప్పుడే సిద్ధం చేసుకోకపోతే ఆ ఖాళీలోకి ఇంకో కలుపు వస్తుంది.

ఇక, సొంతంగా జరిగి వచ్చిన స్థానిక మొక్క సంగతి. పక్క లోయ నుంచి తనంత తాను పైకి వచ్చిన మొక్కను, సముద్రం దాటించి తెచ్చిన మొక్కను ఒకే గాటన కట్టకూడదు. మొదటిది వచ్చిన చోట దాన్ని తినే పురుగులు, దానికి వచ్చే తెగుళ్లు, దానితో పోటీపడే మొక్కలు చాలావరకు ముందే ఉంటాయి లేదా వెనకాలే వస్తాయి. ఇలాంటి వాటికి కొందరు శాస్త్రవేత్తలు 2019లో 'నియోనేటివ్' అని వేరే పేరు పెట్టారు. వీటిని పీకేస్తే ఆ జాతికి మిగిలిన ఒకే ఒక్క దారిని మనమే మూసినట్టవుతుంది. అలాగని పూర్తిగా వదిలేయమనీ కాదు. పైకి పాకే పొదలు శిఖరం మీది పచ్చికను మూసేస్తే, అక్కడి చిన్న మొక్కలకు ఇంకా పైకి వెళ్లే చోటుండదు. అందుకే పుట్టిల్లు ఎక్కడన్న ప్రశ్న దగ్గరే ఆగకుండా ప్రభావాన్ని కొలవాలి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో ఆమోదించిన పద్ధతి పరాయి జాతుల ప్రభావాన్ని ఐదు మెట్లుగా చూస్తుంది. స్థానిక జాతిలో ఒక్కో మొక్క ఎదుగుదల దెబ్బతిందా, జనాభా తగ్గిందా, ఆ జాతి అక్కడినుంచి పూర్తిగా పోయిందా, పోయింది తిరిగి రాగలదా అన్నవి అందులో కీలకం. జరిగి వచ్చిన స్థానిక మొక్కకూ ఇవే ప్రశ్నలు వేయండి. మూడో మెట్టుకు, అంటే స్థానిక జనాభా తగ్గే దశకు చేరేదాకా నిఘా చాలు.

పటాల విషయానికి వద్దాం. మ్యాక్సెంట్ లాంటి కంప్యూటర్ నమూనాతో గీసిన పటంలో ఎర్రగా ఉన్న చోట మొక్క 'వస్తుంది' అని అర్థం కాదు. ఇప్పుడు మొక్క ఉన్న చోట్ల వాతావరణంతో ఆ చోటి వాతావరణం ఎంత పోలుతుంది అన్నదే దాని అర్థం. ఇంతకుమించి చదివితే తప్పుదారి పడతారు.

పటం తయారుచేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది డేటా దగ్గర. ఏ జాతి ఎక్కడ కనిపించిందో పోగుచేసే జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ డేటా భాండాగారం నుంచి దించుకున్న నమోదుల్లో అక్షాంశ రేఖాంశాలు రెండూ సున్నా ఉన్నవి, దేశం లేదా జిల్లా మధ్య బిందువు మీద పడినవి, బొటానికల్ గార్డెన్లలోవి, మ్యూజియం చిరునామా మీద పడినవి ముందు తీసేయాలి. దీనికి ఆర్ అనే కంప్యూటర్ భాషలో కోఆర్డినేట్‌క్లీనర్ అనే ప్యాకేజీ ఉంది, కానీ తోటలో నాటిన మొక్కను అది పూర్తిగా పట్టుకోలేదు. పటం మీద ఒంటరిగా దూరంగా ఉన్న ప్రతి చుక్కనూ చేత్తో తెరిచి చూడాల్సిందే. వరల్డ్‌క్లిమ్ అనే వాతావరణ పటాల సంపుటి రెండో వెర్షన్ 1970–2000 నాటి సగటు వాతావరణాన్ని ఇస్తుంది. 2020లో తీసిన నమోదును దానితో జతచేస్తే, ఇప్పటికే జరిగిన మొక్కను పాత చలితో ముడిపెట్టినట్టవుతుంది. అప్పుడు అది నిజం కన్నా ఎక్కువ చలి తట్టుకునే జాతిలా కనిపిస్తుంది. నమోదుల సంవత్సరాలనూ వాతావరణ సంవత్సరాలనూ సరిపోల్చుకోండి.

దురాక్రమణ జాతికి పుట్టినచోటి నమోదులు, చేరినచోటి నమోదులు రెండూ వాడాలి. పుట్టినచోట దాని హద్దును నదో, శత్రువో, సముద్రమో ఆపి ఉండవచ్చు. 50 దురాక్రమణ మొక్కల్ని చూసిన 2012 అధ్యయనంలో, కొత్త చోట తమ వాతావరణ పరిధిని పది శాతానికి మించి దాటినవి ఏడింట ఒకటి కన్నా తక్కువే. పద్ధతి మీద కొంత నమ్మకం ఉంచడానికి కారణం ఇదే. ఆ కొద్ది మినహాయింపుల్లో మీరు చూస్తున్న జాతి ఉందేమో చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మీదే.

తర్వాత వాతావరణ చలరాశులు. 19 బయోక్లిమ్ పొరలూ (ఉష్ణోగ్రత, వానల సారాంశం చూపే పటాలు) ఒకేసారి నమూనాలో వేయకండి. మొక్క జీవితానికి నిజంగా సంబంధమున్న నాలుగైదు ఎంచుకుని, వాటిలో ఏ రెండిటి మధ్యా సహసంబంధం 0.7 దాటకుండా చూడండి. నేపథ్య బిందువులు (మొక్క ఉన్న చోట్లతో పోల్చడానికి తీసుకునే చోట్లు) తీసుకునే ప్రాంతం విత్తనం చేరగలిగిన మేరకే ఉండాలి. మొత్తం ప్రపంచాన్ని నేపథ్యంగా పెడితే ఏయూసీ (నమూనా ఎంత బాగా పనిచేసిందో చెప్పే మార్కు, గరిష్ఠం 1) 0.95 వస్తుంది, ఎడారిలో అడవి మొక్క ఉండదని నమూనా కనిపెట్టినందుకు వచ్చిన మార్కులవి. నమోదులను నమూనాకు నేర్పే (శిక్షణ) భాగంగా, దాన్ని పరీక్షించే భాగంగా యాదృచ్ఛికంగా విడగొట్టకుండా భౌగోళిక బ్లాకులుగా విడగొట్టండి. పక్కపక్క చుక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే ఫలితం అబద్ధంగా బాగుంటుంది. భవిష్యత్తు వాతావరణంలో, శిక్షణలో ఎప్పుడూ చూడని విలువలున్న ప్రాంతాలను మెస్ విశ్లేషణతో (శిక్షణ వాతావరణంతో పోలికను కొలిచే పద్ధతితో) గుర్తించి పటం మీద గీతలు కొట్టి చూపండి, అక్కడ జోస్యం చెప్పకండి. భవిష్యత్తు వాతావరణాన్ని అంచనా వేసే ఒక్క నమూనాతో సరిపెట్టక కనీసం నాలుగైదు వాడి, అవి ఎక్కడ ఏకీభవించడం లేదో కూడా చూపాలి.

ఇంకో పరిమితి: ఈ వాతావరణ పొరల్లో ఉన్నది సుమారు ఒక కిలోమీటరు గడిలో, ఆరుబయట, నేలకు దాదాపు 2 మీటర్ల ఎత్తున కొలిచిన గాలి వేడి. అడవి నీడలో గరిష్ఠ ఉష్ణోగ్రత బయటికన్నా సగటున 4 డిగ్రీలు తక్కువ. మొలక ఉండేది ఆ నీడలో. చెట్లు నరికితే ఆ 4 డిగ్రీలు ఒక్క రోజులో వచ్చిపడతాయి.

ఇక నేల మీద కొలతలు. కొండ ప్రాంతమైతే కొండల మీదికి పాకే పరాయి మొక్కల్ని గమనించే మైరెన్ అనే అంతర్జాతీయ బృందం వాడే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. కింది నుంచి పైదాకా ఒక రోడ్డును తీసుకుని, సమాన ఎత్తు తేడాలతో 20 చోట్లు ఎంచుకుంటారు. ప్రతి చోటా 2 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న పట్టీలు మూడు. ఒకటి రోడ్డు పక్కనే, రోడ్డు పొడవునా. మిగతా రెండు రోడ్డుకు అడ్డంగా లోపలికి, ఒకదాని వెనక ఒకటి, 100 మీటర్ల దాకా. ఐదేళ్లకోసారి మళ్లీ చూస్తారు. ఇందులో గొప్పతనం ఏమిటంటే, మొక్క రోడ్డు అంచునే ఆగిందా, సహజ వృక్షజాలంలోకి చొరబడిందా అన్నది విడివిడిగా తెలుస్తుంది. ఈ కొలతలతోనే 11 ప్రాంతాల్లో పదింటిలో పరాయి మొక్కల జాతుల సంఖ్య ఐదు నుంచి పదేళ్లలో పెరిగిందని 2023లో తేలింది, సగటున దశాబ్దానికి దాదాపు 16 శాతం. కొండపైకి చేరేవి ఎక్కువగా చలి ప్రాంతపు నిపుణులు కావు. కింద మొదలై, అన్ని ఎత్తుల్నీ తట్టుకుంటూ పైకి వెళ్లే మొండి మొక్కలే. అందుకే కొండ కింద ఊరి చివర, మట్టి కుప్పల దగ్గర, రోడ్డు పనుల యంత్రాలు ఆగే చోట చూడాలి. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న తడి మట్టిని ఒక ట్రేలో పరిచి, మూడు నాలుగు వారాలు తడుపుతూ ఉంచితే ఏ జాతులు పైకి ప్రయాణిస్తున్నాయో మొలకలే చెబుతాయి.

కొలతలో రెండు చోట్ల జాగ్రత్త. జీపీఎస్ చూపే ఎత్తులో పొరపాటు, అడ్డంగా వచ్చే పొరపాటు కన్నా రెండు మూడింతలుంటుంది. చెట్ల కింద అది 15, 20 మీటర్లు దాటడం మామూలే. మీరు వెతుకుతున్న కదలిక దశాబ్దానికి 11 మీటర్లు. కాబట్టి పట్టీ మూలల్లో ఇనుప గుంజలు పాతి, ఎత్తును డిజిటల్ ఎత్తు పటం నుంచి తీసుకోండి. రెండోది మనిషి కన్ను. ఒకే పట్టీని ఇద్దరు అనుభవజ్ఞులు విడివిడిగా నమోదు చేసినా జాతుల జాబితాలో 10 నుంచి 30 శాతం తేడా రావచ్చు. కొన్ని పట్టీలను అదే వారంలో ఇంకొకరితో మళ్లీ చేయించి ఆ తేడాను అంకెగా రాసుకోండి. అంతకన్నా చిన్న మార్పును మార్పు అనకండి. 'లేదు' అన్న నమోదు 'ఉంది' అన్నదాని అంత విలువైనది. మొలకలు, పిల్లమొక్కలు, పూతకొచ్చినవి వేర్వేరుగా లెక్కించండి. ఒట్టి 'ఉంది'తో ముందు అంచో వెనక అంచో తెలియదు.

ముందు అంచులో పరాయి మొక్క కనిపిస్తే పెద్ద గుంపు జోలికి ముందు వెళ్లకండి. దూరంగా ఉన్న చిన్న గుంపులను మొదట తీసేయాలి, వ్యాప్తి వేగాన్ని నిర్ణయించేవి అవే. వయ్యారిభామ అయితే నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు ముందు, చేతులకు గ్లౌజులు, ఒంటి నిండా బట్టలతో వేరుతో సహా పీకాలి. చర్మానికి, ఊపిరికి దాని అలర్జీ తీవ్రం. రెండో విడత మొలకలు నాలుగు వారాల్లో పూతకు వచ్చేస్తాయి కాబట్టి వానాకాలంలో మూడు వారాలకోసారి అదే చోటికి తిరిగి వెళ్లాలి. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే ఒకటికి పది కొమ్మలు వేస్తుంది. నేల కింద, మొగ్గలుండే భాగం కన్నా లోతుగా వేరును కోయాలి.

వెనక అంచులో చేయాల్సిన పనికి అంతకన్నా తొందర ఉంది, అక్కడ పనిచేసేవాళ్లు మాత్రం తక్కువ. పిల్లమొక్కలు నిలవని ఆ వేడి అంచు గుంపులు పలుచోట్ల జాతిలోని పాత జన్యు వైవిధ్యాన్ని దాచుకుని ఉంటాయి. విత్తనం కాసిన ఏడాదే సేకరించండి. కనీసం 50 తల్లిమొక్కల నుంచి, ఆ రోజు పండిన విత్తనంలో 20 శాతానికి మించకుండా, ఏ తల్లిది ఆ సంచిలో, ఎత్తు, తేదీ, వాలు దిశ చీటీ మీద రాసి ఉంచండి. రేపు పైవాలులో నాటడానికి ఏ రకం ఎంచుకోవాలన్నా ఆ చీటీయే ఆధారం.